తుపాకీ పిడికి కక్కు కొట్టిన పన్నెండేళ్ళు

ముందే ఒక అనుమానం తీర్చేస్తాను. నేను తుపాకులు పేల్చలేదు, అమ్మలేదు, ఎవరికీ గురి నేర్పలేదు. పన్నెండేళ్ళపాటు వాటి ప్లాస్టిక్ పిడులకు కక్కు కొట్టాను, అంతే. అయినా కెనడాలో మా గ్వెల్ఫ్ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళలో సగం మంది నన్ను తుపాకీ అంకుల్ అంటారు. మిగతా సగం మంది నా ముందు అనరు.

కక్కు కొట్టడమంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. రోలూ తిరగలీ వాడగా వాడగా నున్నబడిపోతాయి. పప్పు నలగదు, జారిపోతుంది. అప్పుడు "రోళ్ళకు కక్కు కొడతాం" అని వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాళ్ళు. ఉలితో చుక్క చుక్కగా గాట్లు పెట్టి రాయిని మళ్ళీ గరుకు చేసేవాళ్ళు. నా పనీ అదే. వాళ్ళకు రాయి, నాకు ప్లాస్టిక్. వాళ్ళకు ఉలి, నాకు కాలే మొన ఉన్న కరెంటు పెన్ను. క్లబ్బుల్లో గురి కొట్టేవాళ్ళకు అరచేతిలో చెమట పడితే పిస్తోలు పిడి జారుతుంది. అది జారకుండా పిడి మీద వేల చుక్కలు కాల్చాలి, ఒక్కొక్కటీ చేత్తోనే. ఇంగ్లీషులో స్టిప్లింగ్ అంటారు. మా ఆవిడ కరుణ మాత్రం "ఇంటికి కాలిన ప్లాస్టిక్ వాసన తెచ్చే పని" అంటుంది.

ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. ఈ మధ్య మా చర్చిలో కొందరు పిల్లలు నన్ను పట్టుకుని, డ్రిల్లు పిడులకూ హాకీ కర్రలకూ ఈ పని మొదలెడతాం, మెళకువలు చెప్పండంకుల్ అన్నారు. పెన్ను ఎలా పట్టుకోవాలో వీడియోలు చూసి వాళ్ళే నేర్చుకున్నారు. కాబట్టి వీడియోల్లో లేనిది రాస్తాను. ముఖ్యంగా, ఒక పెద్దావిడకున్న ఒకే ఒక్క పిస్తోలును నేను ఎలా పాడుచేశానో, దాన్ని దారికి తేవడానికి ఎంత నగుబాటయ్యానో రాస్తాను. మిగతాదంతా దానికి ముందు మాట అనుకోండి.

వాల్టర్ దగ్గర చేరిక

నేను అంతకుముందు కార్లకు ప్లాస్టిక్ భాగాలు పోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. ఆ లైను ఎత్తేశారు. ఊరి చివర తుపాకులు బాగుచేసే వాల్టర్‌కు ప్లాస్టిక్ తెలిసిన మనిషి కావాలని ఎవరో చెబితే వెళ్ళాను. ఆరడుగుల మనిషి, పెద్ద మీసం, ముక్కు మీద కోపం. నా పేరు దైవసహాయం అని చెప్పాను. మూడు రోజులు నిజాయతీగా ప్రయత్నించాడు పాపం. నాలుగో రోజు నుంచి నేను డేవ్‌నయ్యాను.

మూడు నెలలు పిస్తోలు ముట్టుకోనివ్వలేదు. ఐస్‌క్రీం డబ్బాలు, డిటర్జెంట్ సీసాలు, కూరగాయలు తరిగే పాత ప్లాస్టిక్ పలకలు ముందు పడేసి వీటి మీద చెయ్యి తిప్పుకో అన్నాడు. దుకాణంలో ప్లాస్టిక్ అయిపోయాక నేను పని ఇంటికి మోసుకెళ్ళాను. టీవీ రిమోటుకు కొట్టాను. ఆవకాయ జాడీ మూతకు కొట్టాను. దువ్వెనకు, కారు తాళానికి, కరుణ కళ్ళజోడు పెట్టెకు కొట్టాను. ఇంట్లో నున్నటి వస్తువు ఒక్కటైనా మిగల్చండి, చెయ్యి పెట్టుకోవడానికి, అని ఆవిడ మొత్తుకునేది. ప్రెషర్ కుక్కర్ పిడి కూడా పట్టాను కానీ అది లొంగలేదు. అక్కడో పాఠం నేర్చుకున్నాను. కుక్కర్ పిడి బేకలైటు, దాన్ని ఎంత కాల్చినా కరగదు, కంపు కొడుతుందంతే. ఏ ప్లాస్టిక్ కరుగుతుందో, ఏది కరగదో తెలుసుకోకుండా మొన పెట్టకండి. నాకు ఆ ముక్క తెలిసేసరికి ఇల్లంతా పొగ, పై నుంచి అలారం మోత.

ఒక శనివారం మా పాస్టరుగారు ప్రార్థనకు వచ్చారు. మధ్యలో బాత్రూంకు వెళ్ళారు. అక్కడ మగ్గుకు నేను చాలా శ్రద్ధగా, చుట్టూతా, అడుగు దాకా కక్కు కొట్టి ఉంచాను. ఆయన అరచెయ్యి చూసుకుంటూ బయటికొచ్చి, దైవసహాయం గారూ, మీకు శత్రువులెవరైనా ఉన్నారా అని అడిగారు. ఆ తర్వాత చాలాకాలం నా వృత్తి కోసం చర్చిలో ప్రత్యేక ప్రార్థన జరిగింది. ఆయుధాల పని నుంచి విడుదల కోసమని వాళ్ళు అన్నారు కానీ, మగ్గు కోసమే అని నా నమ్మకం.

వాల్టర్ మంచివాడని రాయను. అరిచేవాడు, స్క్రూడ్రైవర్లు విసిరేవాడు, తప్పు తనదైతే వాతావరణం గురించి మాట్లాడేవాడు. కానీ పని తెలిసినవాడు. నాకు నేర్పినవాటిలో ఒకటి బంగారం. కస్టమర్ చెప్పేది వినకు, పట్టుకునే పద్ధతి చూడు అనేవాడు. మనిషి తన చెయ్యి గురించి తను చెప్పేదంతా గొప్పలేనట.

గరుకు ఎంత కావాలి

అది నిజమని టొరంటో పక్కనున్న మార్కమ్ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఆయన రుజువు చేశాడు. వరంగల్ మనిషి, వారమంతా కీబోర్డు తప్ప ఇంకేదీ పట్టుకోని మెత్తటి చేతులు. తన పిస్తోలుకు అందరికంటే గరుకైన పిడి కావాలన్నాడు. ఇంకా, ఇంకా అన్నాడు. నేను మధ్యరకం నమూనా చూపిస్తే, అన్నా, నేనేమన్నా చిన్నపిల్లగాణ్ణా అన్నాడు. పని అయ్యేలోపు పదకొండుసార్లు ఫోన్ చేశాడు. నేనూ పౌరుషానికి పోయి తురుముపీటలా చేసిచ్చాను. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి, నాకెందుకని.

రెండు వారాలకు తిరిగొచ్చాడు. అరచేతికి రెండు బ్యాండేజీలు. అన్నా, మీ పని సూపర్, నా చెయ్యే ప్రిపేర్ కాలేదు అన్నాడు. సగం గరుకు రుద్దేసి ఇచ్చాను. అప్పట్నుంచి నాకో నియమం. నమూనా పిడిని కస్టమర్ చేతికిచ్చి, ఒక కప్పు టీ తాగినంతసేపు పట్టుకోమంటాను. మొదటి నిమిషంలో అందరూ శూరులే. టీ సగమయ్యేసరికి చెయ్యి మార్చుకుంటారు, అప్పుడు నిజం బయటపడుతుంది.

ఒక మాట చెబితే మనవాళ్ళకు కోపం రావచ్చు. తెలుగు కస్టమరు ప్రాణం తీస్తాడు కానీ ఏం బాగాలేదో చెప్పి చస్తాడు. ఇక్కడివాళ్ళు అలా కాదు. పని పాడైనా బ్రహ్మాండం అంటారు, థాంక్యూ అంటారు, తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోతారు, మళ్ళీ జన్మలో రారు. మనం మాత్రం బాగానే చేశామనుకుంటూ ముసలివాళ్ళమవుతాం. వాళ్ళ మర్యాదకు భయపడండి. పదకొండు ఫోన్లకు భయపడక్కర్లేదు.

ఇక కొత్తవి లేవు

తర్వాత చట్టం మారింది. మామూలు మనుషులు కొత్తగా పిస్తోలు కొనడానికి లేదు, ఒకరి నుంచి ఒకరు తీసుకోవడానికీ లేదు. ఉన్నది ఉంచుకోవచ్చు, క్లబ్బులో వాడుకోవచ్చు. ఆ రోజు వాల్టర్ ఏమీ విసరలేదు. కుర్చీలో కూర్చుని, డేవ్, ఇవాళ్టి నుంచి నువ్వు పిడి పాడుచేస్తే దానికి బదులు తెచ్చివ్వడానికి ప్రపంచంలో ఏమీ ఉండదు అన్నాడు. అంతకుముందు చెయ్యి జారితే కొత్తది తెప్పించి, తిట్లు తిని, ఊరుకునేవాళ్ళం. ఇక ఆ వీలు లేదు. మొన పెట్టేముందు రెండేసిసార్లు కొలుచుకోవడం అప్పుడే మొదలెట్టాను.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే గ్వెల్ఫ్ మీదికి విద్యార్థులు వచ్చిపడ్డారు. ఏ బస్సెక్కినా తెలుగే. బేస్‌మెంట్లో ఇద్దరుండే చోట ఆరుగురు. మా బేస్‌మెంట్లో ముగ్గురు ఆడపిల్లలు దిగారు. వాళ్ళలో హర్షిత అని కరీంనగర్ పిల్ల, హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చదివేది, ఇంట్లో ఎవరు తుమ్మినా రోగం పేరు చెప్పేది. మొదటిరోజే నా పని ఏమిటో తెలుసుకుని, అంకుల్, మీ ఇంట్లో ఉంటే మా పీఆర్‌కి ఏమన్నా ప్రాబ్లమ్ అయితదా అని అడిగింది. నేను ఏమీ కాదన్నా నమ్మక, ఎవరో ఇమిగ్రేషన్ కన్సల్టెంటును కనుక్కుని వచ్చాకే పెట్టె విప్పింది.

పార్ట్‌టైమ్ పని కోసం పిల్లలు ఊళ్ళో ప్రతి తలుపూ తట్టేవాళ్ళు. మా దుకాణానికి ఒక్కరోజులో నలభై రెజ్యూమేలు వచ్చాయి. ప్రతిదీ రెస్పెక్టెడ్ సర్ అనే మొదలు. ఒకడు తనకు చిన్నప్పట్నుంచీ ఆయుధాలంటే మక్కువ అని రాశాడు. అడిగితే దీపావళికి రీలు తుపాకీ కాల్చేవాడట. లైసెన్సు లేనివాళ్ళను లోపలికి రానివ్వకూడదు కాబట్టి ఎవరికీ పని ఇవ్వలేకపోయాం. వాల్టర్‌కు మాత్రం ఆ పిలుపు తెగ నచ్చింది. నలభై ఏళ్ళలో తననెవరూ అంత బాగా పిలవలేదని, ఓ నెలపాటు నన్ను కూడా రెస్పెక్టెడ్ సర్ అనమన్నాడు. నేను అన్నాను. స్క్రూడ్రైవర్లు విసరడం కాస్త తగ్గింది.

మార్గరెట్‌కు నేను చేసింది

ఆ చలికాలంలో మార్గరెట్ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, స్కూలు బస్సు నడిపి రిటైరైంది. గురువారం గురువారం క్లబ్బుకు వెళ్ళి కాగితం మీద గురి కొట్టుకుని వచ్చేది. పిస్తోలు ఒక్కటే. బస్సు నడపడం మానేశాక తనకోసమని కొనుక్కున్న మొదటి వస్తువట. వేళ్ళలో పట్టు తగ్గుతోంది, పిడి జారుతోంది, దీన్ని చూసిపెట్టు డేవ్, ఇది పోతే నాకు ఇంకోటి రాదు అంది.

కొలత తీసుకోవడానికి నమూనా పిడి ఆవిడకు అందించాను. ఆవిడ ఎడమ చెయ్యి చాచింది. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. "కుడి చేత్తో, ప్లీజ్."

మీరెవరైనా అదే అంటారు. నా ఇద్దరు పిల్లలకు రోజుకు ఇరవైసార్లు ఆ మాట చెప్పి పెంచాను. ఎడమ చేత్తో ఇవ్వకు, ఎడమ చేత్తో తీసుకోకు, చుట్టాలొచ్చారు కుడి చెయ్యి చాచు. మా అమ్మ నాకు చెప్పింది, వాళ్ళమ్మ ఆవిడకు చెప్పింది. ఆ ధోరణిలో ఒంటారియోలో డెబ్బై ఏళ్ళ దొరసానికి కూడా చెప్పేశాను. ఆవిడ ఎడమ చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. సారీ అని చెప్పి, కుడి చెయ్యి చాచింది.

నేను ఆ కుడి చేతినే కొలిచాను. టీ ఇచ్చి, కుడి చేత్తోనే పట్టుకోబెట్టాను. కాగితం మీద సంతకం కూడా కుడి చేత్తోనే పెట్టింది. ఇంకేం కావాలి? రెండు వారాలు ప్రాణం పెట్టి పనిచేశాను. కుడి అరచెయ్యి ఆనే వైపు గట్టి కక్కు, వేళ్ళ కొసలు తాకే చోట సన్నది, బొటనవేలు కూర్చోవడానికి ఎడమవైపు చిన్న గుంట. వాల్టర్ చూసి, నోరు తెరిచి, తిట్టడానికేమీ దొరక్క మూసుకున్నాడు.

మార్గరెట్ తీసుకోవడానికి వచ్చింది. పెట్టె తెరిచి, పిస్తోలును ఎడమ చేత్తో పట్టుకుంది. బొటనవేలి కోసం చెక్కిన గుంట మీద ఆవిడ అరచెయ్యి పడింది, ఆనకుండా. బొటనవేలు నున్నటి చోట అటూ ఇటూ వెతుక్కుంది. ఒక్క క్షణమే. వెంటనే పెట్టెలో పెట్టేసి, ఎంత అందంగా ఉందో డేవ్, థాంక్యూ అంది. తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయింది.

వాల్టర్ చూడలేదు. నేను చూశాను.

నోరుమూసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు, ఆవిడ జన్మలో అనదు. నిజం చెబుతున్నాను, గంటసేపు అదే ఆలోచించాను. తర్వాత వాల్టర్‌కు చెప్పాను. విసరడానికి వస్తువు కోసం వెతికి, ఏదీ తీయకుండానే, ఆవిడ దగ్గరికి వెళ్ళు అన్నాడు.

ఆవిడ అపార్ట్‌మెంటుకు వెళ్ళి, మీరు ఎడమచేతి వాటమా అని అడిగాను. అవునంది. మరి చెప్పలేదేం అంటే, టీ పెట్టి, కూర్చోబెట్టి చెప్పింది. చిన్నప్పుడు బళ్ళో ఎడమ చేత్తో రాస్తోందని టీచరు ఆ చేతిని కండువాతో వీపు వెనక్కి విరిచి కుర్చీకి కట్టేదట. ఒక రోజు కాదు, ఏడాదంతా.

"నువ్వు కుడి చేత్తో అనగానే, నా ఎడమ చెయ్యి తనంతట తనే వెనక్కి వెళ్ళిపోయింది డేవ్" అంది. "రాత వాళ్ళు లాగేసుకున్నారు. బస్సుకు రెండు చేతులూ కావాలి. ఈ గురి ఒక్కటే దీనిది." అని ఒళ్ళో పెట్టుకున్న ఎడమ చెయ్యి చూపించింది.

పైగా సారీ చెప్పింది, నాకు శ్రమ ఇచ్చినందుకు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎడమ చేతి వారం

పిస్తోలు తిరిగి దుకాణానికొచ్చింది. వాల్టర్ పరిశీలించి తేల్చాడు. చెక్కేసిన గుంటను పూడ్చడానికి కుదరదు. చుట్టుపక్కల సన్నగా అరగదీసి గుంటకు సమానం చెయ్యాలి, ఆ పైన ఎడమ చేతికి కొత్తగా కక్కు కొట్టాలి. అరగదీయడం ఎక్కువైతే గోడ పల్చబడి పిడి పగులుతుంది. ఒక్కసారే అవకాశం, రెండోసారి లేదు.

ముందు తుక్కు పిడి మీద ప్రయత్నించమన్నాడు. ప్రయత్నించాను. చూస్తే బొటనవేలి చోటు మళ్ళీ పాత వైపే పెట్టాను. రెండోది తీసుకున్నాను, మళ్ళీ అంతే. మూడోదీ అంతే. పన్నెండేళ్ళ కుడి చెయ్యి నా కళ్ళలో కూర్చుని ఉంది. వాల్టర్ మార్గరెట్ పిస్తోలును బీరువాలో పెట్టి తాళమేశాడు. వారంపాటు నీ ఎడమ చేత్తో బతికిరా, అది ఏదైనా నేర్చుకున్నాకే తాళం తీస్తాను అన్నాడు.

బతకడమంటే అన్నీనట. తలుపు, తాళం, బ్రష్షు, పార. అన్నీ సరే. అన్నం కూడానా అని అడిగాను. వాల్టర్‌కు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. నువ్వు ఏ చేత్తో తింటే ఎవడికేమిటి అన్నాడు. వాడికేం, ఫోర్కుతో తినేవాడు ఎన్నైనా చెబుతాడు.

మొదటిరోజు ఆదివారం. ఆరాధన తర్వాత మా చర్చిలో అందరికీ భోజనం పెడతారు. విద్యార్థులొచ్చినప్పట్నుంచీ అక్కడ ఇసకేస్తే రాలని జనం. హిందూ పిల్లలు, ముస్లిం పిల్లలు, ఏ దేవుడినీ నమ్మని పిల్లలు, అందరూ బిర్యానీకి వచ్చేవాళ్ళు, వచ్చినందుకు చివరి పాట బుద్ధిగా పాడేవాళ్ళు. అంతమంది నడుమ కూర్చుని నేను ఎడమ చెయ్యి అన్నంలో పెట్టాను.

మొదట నా పక్కాయన తినడం ఆపాడు. తర్వాత ఎదురు బల్ల ఆగిపోయింది. ముద్ద నోటిదాకా రాకుండా చొక్కా మీద పడింది. ఎడమ చేతికి ముద్ద కలపడం రాదు, తెలుసా? వేళ్ళు దేనికవే పోతాయి. ఎర్రగా పులుసు మోచేతి దాకా కారింది. వడ్డించే మరియమ్మగారు గరిటె పట్టుకునే నిలబడిపోయారు. కరుణ నాకు తెలియనట్టు లేచి ఇంకో బల్లకు వెళ్ళింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ నన్ను అలా వదిలేసి పోవడం అదే మొదలు.

ఇంతలో హర్షిత వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అంకుల్, ఒక్కసారి నవ్వండి."

నవ్వాను. రెండు చేతులూ పైకెత్తమంది. ఎత్తాను. కుడిది కాస్త కిందికి ఉందేమో నాకు తెలియదు, దాన్నిండా ప్లేటు ఉంది. ఆ పిల్ల లేచి ఫోను తీసింది. నేను పిస్తోలు సంగతి చెప్పబోయాను కానీ నోట్లో ఎముక. సాయంత్రానికి చర్చి వాట్సాప్ గ్రూపులో, తెలుగు విద్యార్థుల గ్రూపులో, ఆఖరికి వాంకూవర్లో ఉన్న మా బావమరిది ఫోనులో వార్త తిరిగింది. దైవసహాయం గారికి కుడిచెయ్యి పడిపోయింది, పక్షవాతం, మాట కూడా ముద్దముద్దగా వస్తోంది.

నేను కాదని రాసినకొద్దీ, ఎడమ చేత్తో టైపు చేస్తున్నాను కాబట్టి, తప్పుల తడకగా వెళ్ళి వాళ్ళ అనుమానం రూఢి అయింది. సోమవారం గంటకొకరు చొప్పున గొలుసు ప్రార్థన మొదలైంది. మంగళవారం ఇంటికి మూడు రకాల సూపులు వచ్చాయి. బుధవారం మరియమ్మగారు నూనె సీసా తెచ్చి నా కుడి చేతికి రాసి, గంటసేపు మర్దన చేసి వెళ్ళారు. కాదండీ అంటే, అలాగే నాయనా, అలాగే అన్నారు. కరుణకు సంగతంతా తెలుసు. అయినా రాత్రి పడుకునేముందు ఆవిడా నా కుడి చేతి మీద చెయ్యేసి ప్రార్థన చేసేది. ఎందుకే అంటే, ఎందుకైనా మంచిది అనేది.

ఈ గోలలో నా ఎడమ చెయ్యి మాత్రం నిజంగానే నేర్చుకుంది. శుక్రవారానికి ముద్ద కలపడం వచ్చింది. బరువు మొదట ఏ వేలు మోస్తుందో, పట్టు జారేముందు అరచెయ్యి ఎక్కడ వదులవుతుందో నాకు తెలిసింది. మంచు ఎత్తే పార పట్టుకుని నిలబడితే, బొటనవేలు ఎటు పోవాలో ఆలోచించకుండానే అటు పోయింది. శనివారం దుకాణంలో తుక్కు పిడి మీద కొట్టాను. సరైన వైపే పడింది. వాల్టర్ బీరువా తాళంచెవి నా ముందు పెట్టాడు.

నా సాక్ష్యం

వారం గడిచింది కదా అని ఆదివారం చర్చి భోజనంలో ఆకలి మీద కుడి చేత్తో మొదలెట్టాను. రెండో ముద్ద నోట్లో ఉండగానే మరియమ్మగారు స్తోత్రం అని పెట్టిన కేకకు పిల్లలు జడుసుకున్నారు. హాలంతా లేచింది. పాస్టరుగారు కళ్ళలో నీళ్ళతో వచ్చి నన్ను మైకు దగ్గరికి నడిపించుకెళ్ళారు, సాక్ష్యం చెప్పమని.

చెప్పాను. అయ్యా, నాకు పక్షవాతం రాలేదు, ఒక పెద్దావిడ పిస్తోలు పిడికి కక్కు కొట్టడం కోసం ఎడమ చెయ్యి అలవాటు చేసుకున్నానంతే అని మొదట్నుంచీ చివరిదాకా వివరించాను. అంతా విన్నారు. పాస్టరుగారు మైకు అందుకుని, సహోదరుడు ఎంత వినయంగా ఉన్నారో చూశారా అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. హర్షిత అయితే తను వెంటనే గుర్తుపట్టబట్టే అంకుల్ దక్కాడని ఇంటర్వ్యూలలో కూడా చెప్పిందట. ఉద్యోగం కూడా వచ్చింది. పోనీలెండి, మంచి పిల్ల.

గురువారం

సోమ, మంగళ, బుధవారాలు మార్గరెట్ పిస్తోలు మీద కూర్చున్నాను. కాగితం మందాన అరగదీయడం, ఆగి వేలితో తడమడం, మళ్ళీ అరగదీయడం. వాల్టర్ నా వెనక నిలబడి ఊపిరి బిగబట్టేవాడు. ఊపిరి పీల్చుకోండి సార్, పడిపోతారు అన్నాను. రెస్పెక్టెడ్ అనలేదని కూడా అనుకోలేదు ఆయన. గుంట కలిసిపోయింది. గోడ నిలిచింది. ఎడమ అరచెయ్యి ఆనే చోట కక్కు కొట్టాను, బలం తగ్గిన వేళ్ళకు ఒరుసుకోకుండా సన్నగా, దగ్గర దగ్గరగా.

పిల్లలూ, నేను మీకు చెప్పదలచిన మెళకువ ఇదొక్కటే. వస్తువును మనిషి చేతికి అందించకండి. మీరు అందించిన తీరులోనే వాళ్ళు పట్టుకుంటారు. వాళ్ళ పట్టు మీకెప్పటికీ కనపడదు. బల్ల మీద పెట్టి దూరం జరగండి.

గురువారం మార్గరెట్ వచ్చింది. పిస్తోలును బల్ల నడుమ పెట్టాను. పెట్టి, నా రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, రెండడుగులు వెనక్కి వేశాను. ఆవిడ ఎడమ చెయ్యి బయటికి వచ్చింది. సగం దూరంలో ఆగింది. ఆవిడ నా వైపు చూసింది. నేను కదల్లేదు.

పట్టుకుంది. బొటనవేలు వెతుక్కోలేదు, వెళ్ళి తన చోట కూర్చుంది. టీ పెట్టి ఇస్తే కుడి చేత్తో తాగింది, ఎడమ చేతిలో పిడి అలాగే ఉంది. టీ మొత్తం అయిపోయినా చెయ్యి మార్చలేదు. వాల్టర్ గోడ మీద క్యాలెండరు చాలా శ్రద్ధగా చదువుతున్నాడు.

ఆవిడ కప్పు పెట్టి, నా చేతుల వైపు తల ఊపింది.

"మా టీచరు కట్టుకోవాల్సింది అలాగ, డేవ్. నా చెయ్యి కాదు, తన చేతులు."

బాగుందని గానీ, అందంగా ఉందని గానీ ఆ రోజు ఆవిడ అనలేదు. నా కళ్ళలోంచి, ముక్కులోంచి ఒకేసారి కారడం మొదలెట్టింది. ఆవిడ పిస్తోలు పెట్టెలో పెట్టుకుని, తలుపు దాటి, కారెక్కి వెళ్ళేదాకా నేను చేతులు ముందుకు తీయలేదు. చివరికి వాల్టరే వచ్చి, నూనె గుడ్డతో నా ముక్కు తుడిచాడు.